క్వాబెనాకు ఆరు నెలలు

సిస్టర్ డుఫీ ఫోన్ నంబరు పోయింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. పోగొట్టినవాడు ఫ్రెంపాంగ్. ఆ రోజు అతను దాన్ని పోగొట్టడం అనుకోలేదు, శుభ్రం చెయ్యడం అనుకున్నాడు.

కుమాసిలో ఆడుమ్ బజారు వెనక, మేడ మీద వాళ్ళ ఆఫీసు. పల్లె ఆసుపత్రుల్లో నర్సులు బిడ్డ పుట్టినరోజూ తల్లి నంబరూ ట్యాబ్‌లో ఎక్కిస్తారు. మిగతా పని ఫ్రెంపాంగ్ రాసిన ప్రోగ్రాం చూసుకుంటుంది. టీకా రోజు దగ్గర పడగానే తల్లికి ఫోన్ వెళుతుంది. ఒక ఆడగొంతు ట్వీ భాషలో పలకరించి, బిడ్డను ఫలానా రోజు తీసుకురమ్మని చెబుతుంది. ఊరికే 'మీ బిడ్డ' అనదు, పేరు పెట్టి అంటుంది. ఆ ఆలోచన ఫ్రెంపాంగ్‌ది. అక్కడ మంగళవారం పుట్టిన మగపిల్లవాడు ఎవరైనా క్వాబెనాయే, శుక్రవారం పుట్టిన ఆడపిల్ల ఎవరైనా ఆఫియాయే కాబట్టి, తేదీ ఇస్తే పేరు దానంతటదే వస్తుంది. పద్దుల విభాగంలో పనిచేసే పోకువా చేత పేర్లన్నీ విడివిడిగా చెప్పించి, వాక్యం మధ్యలో అతుకు తెలియకుండా కూర్చాడు. పేరుకు ముందు ఎంత ఊపిరి ఉండాలి, తర్వాత ఎంత ఆగాలి అని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వారాల తరబడి సరిచేశాడు. ఇప్పుడది వింటే ఎవరో తెలిసిన అక్క పలకరించినట్టే ఉంటుంది.

ఆ శుక్రవారం అతని బాస్ డంక్వా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. చేతిలో వాచె పొట్లం, బొబ్బర్లు కలిపి వండిన అన్నం.

"అసువోసో ఆసుపత్రి చూశావా? ఒక్క నంబరు మీద ఇంతమంది పిల్లలు. ఎవరిదా అని చూస్తే నర్సుదే. ఈవిడ నర్సా, కోళ్ళఫారమా?"

ఫ్రెంపాంగ్ నవ్వాడు. "పిల్లల లెక్క పెంచి చూపిస్తోందేమో."

"ఏదో ఒకటి. సోమవారం పైవాళ్ళు చూస్తారు. ఈలోగా శుభ్రం చేసెయ్."

అంతకుముందున్న తల్లుల నంబర్లు పాత ప్రతిలో భద్రంగానే ఉన్నాయి. ఒక నంబరు ముగ్గురు పిల్లల్ని మించి కనిపిస్తే దాన్ని తీసేసి పాతది పెట్టమని నాలుగు వాక్యాలు రాశాడు. నడిపించాడు. ఎర్రగా ఉన్న గడులన్నీ తెల్లబడ్డాయి. డంక్వా అతని భుజం తట్టి, పొట్లంలో మిగిలిన గుడ్డు ముక్క అతని ముందు పెట్టి వెళ్ళాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఫ్రెంపాంగ్ రోజూ చేసే పని చేశాడు. లైను పనిచేస్తోందో లేదో చూడటానికి లేని బిడ్డ ఒకణ్ణి సృష్టించి, వాడికి తన నంబరు ఇచ్చాడు. ఫోన్ మోగింది. "అమ్మా, బాగున్నారా? మీ క్వాకు ఎలా ఉన్నాడు?" అంది పోకువా గొంతు. క్వాకు అతని పేరే. బుధవారం పుట్టాడు. చివరిదాకా విని, ఆ బిడ్డను చెరిపేసి, కంప్యూటర్ మూశాడు. అతను అద్దెకుండే గది ఆయెడువాసిలో ఉంది. చుట్టూ గదుల నిండా జనమే. పెరట్లో రాత్రి భోజనానికి రోట్లో ఫుఫు దంచే చప్పుడు కిటికీలోంచి వస్తూనే ఉంటుంది. ఆ శనివారం, ఆదివారం అతనికి ఇంకో ఫోన్ రాలేదు.

మంగళవారం పొద్దున్నే ఆఫీసు ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తకపోతే ఫ్రెంపాంగ్ ఎత్తాడు.

"అక్కడ మనిషి ఉన్నాడా, లేక అదీ మిషనేనా?"

"మనిషినే. ఎవరండీ?"

"అసువోసో నుంచి సిస్టర్ డుఫీని. నా నంబరు ఎవరు తీసేశారు?"

"అది... ఒక నంబరు మీద చాలామంది పిల్లలు ఉంటే తప్పుగా లెక్క పడుతుందని..."

"ఎవరు తీసేశారని అడిగాను నాయనా."

"నేనే."

అవతల ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తోంది.

"నిన్న టివా అనే అమ్మాయి నా దగ్గరికొచ్చింది. వాళ్ళ ఊరి నుంచి నడిచే వచ్చింది. మీ ఆడమనిషి ఫోన్ చేసి, క్వాబెనాకి ఆరు నెలలు నిండాయి, గురువారం తీసుకురండి అందట. ఈ పిల్ల 'అక్కా, వాడు పోయాడు' అని చెప్పిందట. మీ ఆడమనిషి ఆగలేదు. 'వచ్చేటప్పుడు కార్డు మర్చిపోకండి' అందట. ఈ పిల్ల మళ్ళీ చెప్పింది. ఆవిడ 'ఉంటాను' అని పెట్టేసింది." డుఫీ ఊపిరి పీల్చుకుంది. "బిడ్డ పోయాడని చెబితే అయ్యో అని కూడా అనని మనిషి ఎవరో చూపించమంటోంది. ఎవర్ని చూపించమంటావు?"

ఫ్రెంపాంగ్ తెర మీద అసువోసో పట్టిక తెరిచాడు.

"నా నంబరు మీద పెట్టిన పిల్లలు ఎవరనుకున్నావు? వాళ్ళలో ఒక్కరూ లేరు. అందరూ పోయినవాళ్ళే." ఫోన్ పెట్టేసింది.

అతను పద్దుల గదిలోకి వెళ్ళి పోకువాతో చెప్పాడు. ఆమె రసీదులకు పిన్నులు కొడుతోంది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి, పిన్నుల మర చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"నా నోటితోనా?" అంది.

"నీకేం తెలుసు. ఎప్పుడో రికార్డు చేశాం."

"ఆ అమ్మాయికి అది తెలుసా?"

"రేపు వెళ్ళి చెబుతాను. నువ్వూ వస్తావా?"

"నేను రాను ఫ్రెంపాంగ్. నోరు తెరిస్తే గుర్తుపడుతుంది. గుర్తుపట్టాక నేనేం మాట్లాడాలి?" మర బల్ల మీద పెట్టింది. "నువ్వు వెళ్ళు. అతుకులు పెట్టినవాడివి నువ్వేగా."

బుధవారం అతను కెజేషియా స్టాండులో ట్రోట్రో వ్యాన్ ఎక్కాడు. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి, పక్కన యాం దుంపల బస్తా. అసువోసోలో దిగేసరికి ఆసుపత్రి వసారా తల్లులతో నిండి ఉంది. అది తూకం రోజు. దూలానికి కొక్కెం, కొక్కేనికి గుండ్రటి ముల్లు కాటా వేలాడుతున్నాయి. డుఫీ పొట్టి మనిషి. ఆకుపచ్చ యూనిఫాం జేబులో ఫోన్, చెవి మీద పెన్ను. అతను ఎవరో చెప్పినా తల ఎత్తలేదు.

"తూకం అయ్యాక మాట్లాడదాం. చేతులు ఖాళీయేనా? ఇటు రా."

కాళ్ళకు రెండు రంధ్రాలున్న గుడ్డ నిక్కరు ఒకటి అతని చేతిలో పెట్టింది. తర్వాత ఒక పసిదాన్ని పెట్టింది.

"కాళ్ళు దూర్చి, పట్టీ కొక్కేనికి తగిలించు. అలా దూరంగా పట్టుకుంటావేం, బాంబు కాదు."

తల్లులు ఘొల్లుమన్నారు. "సిస్టర్, ఈయనకి పెళ్ళి కాలేదు చూడు!" అంది ఒకావిడ. "పట్టుకోవడం చూస్తే ఇకముందూ కాదు!" అంది ఇంకొకావిడ. పసిది గాలిలో కాళ్ళు తన్నుకుంటూ అతని చొక్కా మీద ఉచ్చ పోసింది. ముల్లు ఊగి ఊగి ఆగేదాకా వాళ్ళిద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎంతమందిని తగిలించాడో అతను లెక్కపెట్టలేదు. రెండేళ్ళుగా ఈ పిల్లల తేదీలు చూస్తున్నాడు, వాళ్ళ బరువు తెలియడం ఇదే మొదలు.

మధ్యాహ్నానికి వసారా ఖాళీ అయింది. డుఫీ బల్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి, ట్యాబ్ తీసింది.

"ఇదిగో. బిడ్డ ఇక రాడు అని నొక్కుతున్నాను. కారణం అడుగుతోంది. పైకి చదువు."

ఫ్రెంపాంగ్ చదివాడు. తను రాసిన మాటలే. "వేరే ఊరు వెళ్ళారు. వేరే ఆసుపత్రికి మారారు. వద్దన్నారు."

"ఇందులో ఏది నొక్కమంటావు?"

అతను తెర వైపే చూస్తున్నాడు. మొదట్లో డంక్వాను అడిగాడు, చనిపోతే ఏం పెట్టాలని. చావుల లెక్క వేరే ఆఫీసు చూసుకుంటుంది, మనకెందుకు అన్నాడు డంక్వా. నిజమే కదా అనుకుని ముందుకెళ్ళిపోయాడు.

"ఒకసారి 'వేరే ఊరు వెళ్ళారు' నొక్కాను. మీ ఆడమనిషి ఆ తల్లికి ఫోన్ చేసి, కొత్త ఊళ్ళో ఆసుపత్రిలో బిడ్డ పేరు రాయించమని చెప్పింది. పాతిపెట్టి వారం కాలేదు." డుఫీ గొంతు పెంచలేదు. "నంబరు గడి ఖాళీగా వదిలితే ఎర్రగీత పడుతుంది. అదీ నువ్వు పెట్టిందే. ఏదో ఒక నంబరు వేస్తే ఎవరింట్లోనో మోగుతుంది. అందుకని నాది వేశాను."

"అయితే ఆ ఫోన్లన్నీ మీకే వచ్చేవా?"

"వచ్చేవి. చివరిదాకా వినేదాన్ని."

"పెట్టెయ్యకపోయారా?"

"మధ్యలో పెట్టేస్తే మళ్ళీ చేస్తుందిగా నీ మిషను." చెప్పులు తొడుక్కుంది. "నేను లెక్కలు పెంచుతున్నానని అనుకున్నారట. జిల్లా ఆఫీసులో చెప్పారు. ఒక్క ఫోన్ చేసి 'సిస్టర్, ఏమిటిది?' అని అడిగితే చెప్పేదాన్ని కదా."

అతను కోళ్ళఫారం మాటకు తను నవ్వడం తలచుకున్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి, వసారా మెట్టు మీద కూర్చున్నాడు. సిగ్నల్ అక్కడే కాస్త దొరుకుతుంది. నాలుగో కారణం రాశాడు: 'బిడ్డ చనిపోయింది'. అది నొక్కితే ఫోన్లన్నీ ఆగిపోవాలి, మరి దేనికీ మోగకూడదు. రెండుసార్లు సరిచూసి నడిపించాడు. డుఫీ ఒక్కొక్క పేరూ తెరిచి నొక్కుతూ పోయింది. నొక్కేముందు ప్రతిసారీ పెదవులు కదిపింది. టివా బిడ్డ పేరు వచ్చినప్పుడు అతనే అడిగి తన వేలితో నొక్కాడు. గడి బూడిదరంగులోకి మారింది. ఛాతీ మీంచి ఏదో దిగినట్టయింది.

"ఆ అమ్మాయి దగ్గరికి వెళ్తాను, ఇక ఎప్పుడూ ఫోన్ రాదని చెప్పి వస్తాను" అన్నాడు.

"వెళ్ళు. నేను రాను. నన్ను చూస్తే బిడ్డ పోయిన రోజు గుర్తొస్తుంది దానికి." దారి చూపించింది. "ఆ ఇంట్లో ముసలావిడ ఉంటుంది. మాట జాగ్రత్త."

కోకో తోట పక్కన కాలిబాట. చివర రేకుల కప్పు ఇల్లు. కర్రపెండలం పులిసిన వాసన దూరం నుంచే వచ్చింది. పెరట్లో మట్టిపొయ్యి మీద వెడల్పాటి ఇనుప పెనం పెట్టి కర్రపెండలం తురుమును గారీగా వేయిస్తోంది ఒక అమ్మాయి. చేతిలో సొరకాయ బుర్ర ముక్క. పక్కన పీట మీద అత్తగారు జల్లెడ పడుతోంది. అతన్ని చూసి ముసలావిడ లేచి, బెంచీ తుడిచి, లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను రెండు గుక్కలు తాగి, మిగిలినవి కింద వొంచి, చెంబు తిరిగి ఇచ్చాడు. ముసలావిడ కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక్కడ అందరం చల్లగా ఉన్నాం. నడిచి వచ్చినవాడివి నువ్వు. ఏం పని మీద వచ్చావో చెప్పు నాయనా."

దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. అవేవీ ఇప్పుడు లేవు. "కుమాసి నుంచి వచ్చానమ్మా. క్వాబెనా గురించి ఒక ఫోన్ వచ్చింది. అది మా..."

ముసలావిడ చెయ్యెత్తింది. "ఆగు. ఆ పేరు ఈ ఇంట్లో అనొద్దు. మొదటి బిడ్డ పోతే తల్లి ఏడవకూడదు, పేరు తలవకూడదు. తలిస్తే రెండోవాడు రాడు. నీకు ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పలేదా?"

"తప్పయిపోయింది."

"తెలీక అన్నావు. పని చెప్పుకుని వెళ్ళు." ఆమె జల్లెడ పక్కన పెట్టి, పిండి నీళ్ళు పారబోయడానికి ఇంటి వెనక్కి వెళ్ళింది. అడుగుల చప్పుడు ఆగిపోయింది. వింటోందో లేదో తెలియదు.

టివా అతని వైపు చూడలేదు. బుర్ర ముక్కతో గారీని అంచు నుంచి మధ్యలోకి, మధ్యలోంచి అంచుకి తోస్తూనే ఉంది. ఇరవై దాటినట్టు లేదు. తెల్లగుడ్డ కట్టుకుంది. దాని మీద మసి పడకుండా మోకాళ్ళ మీద గోనెపట్టా వేసుకుంది.

"ఆవిడ రాలేదా?" అంది.

"ఆవిడ అంటూ ఎవరూ లేరమ్మా. అంటే, గొంతు ఉంది. ఎప్పుడో చెప్పించి దాచిపెట్టాం. ఫోన్ చేసేది మిషను. నువ్వు చెప్పింది అది వినలేదు. వినే దారి పెట్టలేదు నేను."

బుర్ర ముక్క ఒక్క క్షణం ఆగింది. పెనం మీద గారీ చిటపటమంది. మళ్ళీ కదిపింది.

"అయితే ఆవిడకి తెలీదన్నమాట."

"తెలీదు."

"తెలిస్తే ఊరుకునేది కాదు. గొంతు అలాంటిది కాదు." తనలో తను అనుకున్నట్టు అంది. "ఆవిడని తిట్టిపోశాను. ఆసుపత్రి ముందు నిలబడి, నీ కడుపు కాలా అన్నాను. నేనన్నానని ఆవిడకి చెప్పకు."

"చెప్పను."

"మరి వాడి పేరు ఎలా తెలుసు దానికి?"

"పుట్టినరోజు బట్టి. అది నేను పెట్టిందే. పేరు పెట్టి పిలిస్తే తల్లులకు బాగుంటుందనిపించింది." ఇక దాచడానికేమీ లేదు. "నా తప్పే. మొన్న నువ్వు పడ్డ బాధ నా వల్లే. నన్ను క్షమించు. ఇక భయం లేదు. ఇంతకుముందే ఆపేసి వచ్చాను. ఇక ఎప్పుడూ రాదు."

ఆ మాట చెప్పడానికే ఇంతదూరం వచ్చాడు. చెప్పాక ఆమె ముఖంలో ఏదో తేలికపడుతుందని చూశాడు.

టివా పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది. మంట తగ్గించి, మొదటిసారి తలెత్తి అతని కళ్ళలోకి చూసింది.

"ఎవర్ని అడిగి ఆపావు?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. "నీకు కష్టంగా ఉంటుందని..."

"కష్టంగానే ఉంది. వాడు పోయినప్పటి నుంచీ వాడి పేరు పలికిన నోరు ఒక్కటే. నా మొగుడు అనడు. అత్త అననివ్వదు. సిస్టర్ దారిలో కనబడితే తల తిప్పుకుంటుంది. సోమవారం ఫోన్ ఎత్తితే 'మీ క్వాబెనా' అంది. ఆరు నెలలు నిండాయి అంది. నేను లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరో కూడా లెక్కపెడుతున్నారనుకున్నాను." గొంతు తగ్గించింది. "అందుకేగా అంత కోపం వచ్చింది."

అతను చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా మీద పొద్దుటి మరక ఆరి గట్టిపడింది.

"మళ్ళీ ఎప్పుడు చేసేది?"

"తొమ్మిదో నెలకి. తట్టు టీకాకి."

"ఆ రోజుకి చెయ్యమను."

"టీకాకి తీసుకురమ్మని చెబుతుందమ్మా."

"అది చెప్పొద్దు. తీసుకురమ్మనొద్దు, కార్డు మాట అనొద్దు. వాడి పేరు చెప్పి, తొమ్మిది నెలలు అంటే చాలు. అప్పటికి వద్దనిపిస్తే నేనే ఎత్తను. పెట్టెయ్యడం నాకు రాదా?" గారీ రంగు తిరిగింది. గబగబా తట్టలోకి దించి, పెనం గుడ్డతో తుడిచింది. "ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యకుండా చూడు."

ఇంటి వెనక నీళ్ళు పారబోసిన చప్పుడయింది. టివా గుప్పెడు వేడి గారీ ఆకులో పోసి అతని ముందు పెట్టింది. ముసలావిడ వచ్చి, "పని అయిందా?" అంది.

"అయిందమ్మా" అంది టివా.

గురువారం ఆఫీసులో డంక్వా అతని బల్ల దగ్గర ఆగాడు. "చావు కారణం పెట్టావట. మంచి పని. పైవాళ్ళకి రాశాను. సిస్టర్ విషయం కూడా మన పొరపాటేనని జిల్లాకి రాస్తాను." తెర వైపు వంగాడు. "మరి ఈ ఒక్క బిడ్డ గడి మళ్ళీ ఎందుకు తెరిచావు?"

"తల్లి కావాలంది."

"పోయిన బిడ్డకి ఫోన్ కావాలందా? అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారయ్యా?"

"తెలీదు. అడగలేదు."

డంక్వా గడ్డం రుద్దుకుని వెళ్ళిపోయాడు.

ఫ్రెంపాంగ్ పోకువాను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ చిన్న గదిలో తలుపేసి, ఫ్యాన్ ఆపి, మైకు ముందు కూర్చున్నారు. పాత గొంతు ముక్కల్లోంచి పేరునూ నెలనూ తీసి అతికించవచ్చు. అతను ప్రయత్నించాడు కూడా. పేరు తర్వాత ఎంత ఆగాలో ఎన్నిసార్లు మార్చినా కుదరలేదు. అది తీసుకురమ్మనడానికి ముందు పలికిన పేరు. పోకువా ఆ ముక్క విని తల అడ్డంగా ఊపింది. మైకు దగ్గరికి జరిగి, కళ్ళు మూసుకుని, "క్వాబెనాకి" అని, ఆగి, "తొమ్మిది నెలలు" అంది. ఇంకోసారి అంటానంది. అతను వద్దన్నాడు. పోకువా లేచి ఫ్యాన్ వేసింది.

ఆమె వెళ్ళాక అతను అసువోసో పట్టిక తెరిచాడు. నిన్న సిస్టర్ డుఫీ పెదవులు కదుపుతూ నొక్కిన పేర్లన్నీ బూడిదరంగులో ఉన్నాయి. వాళ్ళ అమ్మలకు ఇక ఏ ఫోనూ వెళ్ళదు. ఆపిన సంగతి వాళ్ళకు తెలియదు. కావాలో వద్దో టివా ఒక్కతే చెప్పగలిగింది. మిగతా తల్లులను ఇంకా ఎవరూ అడగలేదు.